తక్కువ ధరకే వస్తున్న పాత పర్ఫార్మెన్స్ సెడాన్: కొనేముందు ఏం చూస్తారు, ఎందుకు చూస్తారు

ఒకప్పుడు గోడ మీద పోస్టర్‌గా అంటించుకున్న కారు ఇప్పుడు మామూలు కొత్త సెడాన్ ధరకే అమ్మకానికి కనిపిస్తుంది. నాలుగు డోర్లు, సామాను పట్టేంత డిక్కీ, బానెట్ కింద నాలుగు వందలకు పైగా హార్స్‌పవర్. ప్రకటనలో "తక్కువ తిరిగింది, ఎక్కడా గీత కూడా లేదు" అని ఉంటుంది. పక్కన ఒకరు "కొనెయ్, మళ్ళీ దొరకదు" అంటారు, ఇంకొకరు "దాని జోలికెళ్ళకు, మునిగిపోతావు" అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఒకే మోడల్, ఒకే సంవత్సరం, ఒకే రంగు కార్లు రెండు పక్కపక్కన ఉంటే ఒకటి ఇంకో పదేళ్ళు హాయిగా తిరుగుతుంది, రెండోది ఆరు నెలల్లో ఇంజన్ విప్పించుకుంటుంది. ఆ తేడా బయటికి ఎక్కడ కనిపిస్తుంది, ఏ పరీక్ష ఏం చెబుతుంది, ఏది ఏ పరీక్షకీ దొరకదు అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

## అసలు పర్ఫార్మెన్స్ సెడాన్ అంటే ఏ కారు

మామూలు సెడాన్‌నే తీసుకుని ఇంజన్, బ్రేకులు, సస్పెన్షన్, గేర్‌బాక్స్, కూలింగ్ అన్నీ వేగం కోసం మార్చి కంపెనీయే అమ్మే కారు ఇది. 1985లో వచ్చిన మొదటి బీఎండబ్ల్యూ ఎం5, 1990ల మొదట్లో పోర్షే సాయంతో మెర్సిడెస్ తయారుచేసిన 500ఈ ఈ దారి వేసిన కార్లు. తర్వాత బీఎండబ్ల్యూ ఎం3 సెడాన్లు, మెర్సిడెస్ సీ63 ఏఎంజీ, ఆడి ఆర్‌ఎస్4, సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్, ఆల్ఫా రోమియో జూలియా క్వాడ్రిఫోలియో ఇలా పెద్ద జాబితానే ఉంది.

వీటికి కవలల్లా కనిపించే కార్లు కూడా ఉన్నాయి, చాలామంది తికమక పడేది అక్కడే. ఎం స్పోర్ట్, ఏఎంజీ లైన్, ఎస్ లైన్ అనేవి ప్రధానంగా బంపర్లు, సీట్లు, చక్రాలు, కొన్నిసార్లు కాస్త గట్టి సస్పెన్షన్ ఇచ్చే ప్యాకేజీలు. ఇంజన్ మామూలు మోడల్‌దే. వెనక అంటించే బ్యాడ్జీ ఎవరైనా కొని అంటించొచ్చు కాబట్టి దాన్ని సాక్ష్యంగా ఎవరూ తీసుకోరు. ఛాసిస్ నంబర్ మాత్రం అబద్ధం చెప్పడం కష్టం. 1981 తర్వాతి ప్రామాణిక పద్ధతిలో అది 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది, అంకెలతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు. దాన్ని డీకోడ్ చేస్తే కారు ఫ్యాక్టరీ నుంచి ఏ మోడల్‌గా, ఏ ఇంజన్‌తో బయటికొచ్చిందో తెలుస్తుంది.

## కారు ధర పడిపోతుంది, దాని సామాన్ల ధర పడిపోదు

ఇంత తక్కువకి ఎందుకిస్తున్నారన్న ప్రశ్నకి సగం జవాబు ఈ లెక్కలో ఉంది. అంకెలు ఊహించినవే, నిష్పత్తి అర్థమైతే చాలు.

కారు కొత్త ధర 100 అనుకుందాం. పదేళ్ళ తర్వాత అది 25కి వచ్చింది. నాలుగు చక్రాల డిస్కులు, ప్యాడ్లు మార్చడానికి 3, షాక్ అబ్జార్బర్లకి 3, టైర్లకి 1.5, ఇంజన్‌లో ముందుజాగ్రత్తగా చేయించే ఒక పెద్ద పనికి 2.5, మొత్తం 10. మొదటి ఓనరుకి ఈ 10 అంటే తను పెట్టిన డబ్బులో పదో వంతు. 25కి కొన్న మీకు అదే బిల్లు కారు ధరలో 40 శాతం. కారు పాతబడిందని డిస్కు చిన్నదైపోదు, అందులో సిలిండర్లు తగ్గిపోవు, లేబర్ గంటలు కూడా తగ్గవు. అందుకే మూడో, నాలుగో ఓనరు దగ్గరికి వచ్చేసరికి చేయించాల్సిన పనులు వాయిదా పడుతూ వస్తాయి. కొనగలిగినవాళ్ళందరూ మెయింటెయిన్ చేయలేరు, నేను చూసిన పాడైపోయిన కార్లలో ఎక్కువ కథలు ఇలాగే ఉన్నాయి. కొత్త ఓనరు కొనేది కారుతో పాటు ఆ వాయిదా పడిన పనులన్నిటినీ.

## మీటరు మీది అంకెని ఎలా చదవాలి

తక్కువ కిలోమీటర్లు తిరిగిన కారే మంచిదనేది ఒక వాదం. బాగా తిరిగినా బాగా చూసుకున్న కారే మంచిదనేది ఇంకో వాదం. ఇద్దరికీ ఉదాహరణలు దొరుకుతాయి.

పన్నెండేళ్ళ వయసున్న రెండు కార్లు అనుకోండి. మొదటిది 40,000 కిలోమీటర్లు తిరిగింది, అంటే ఏడాదికి మూడు వేల చిల్లర. సర్వీస్ కిలోమీటర్ల లెక్కనే చేయించారు కాబట్టి పన్నెండేళ్ళలో ఇంజన్ ఆయిల్ మూడు సార్లే మారింది. ఆయిల్ పూర్తిగా వేడెక్కకముందే బండి ఆగిపోయే చిన్న చిన్న ట్రిప్పులు. అలాంటప్పుడు ఆయిల్‌లో చేరిన తేమ, పెట్రోలు ఆవిరై పోవడానికి అవకాశం దొరకదు. రెండోది 1,10,000 కిలోమీటర్లు తిరిగింది, ప్రతి 8,000కి ఆయిల్ మారింది, బిల్లులు పదమూడు ఉన్నాయి, ఎక్కువగా లాంగ్ డ్రైవ్‌లు. ఇంజన్ లోపలి పరిస్థితి మీద పందెం కాయమంటే నేను రెండో దాని వైపే నిలబడతాను.

అలాగని తక్కువ కిలోమీటర్లకి విలువే లేదనడం కూడా తప్పు. క్లచ్, గేర్లు, వీల్ బేరింగులు, సీట్లు అరిగేది వాడకాన్ని బట్టే, అక్కడ మొదటి కారు ముందుంటుంది. బుష్‌లు, ఆయిల్ సీళ్ళు, కూలెంట్ గొట్టాలు మాత్రం కారు కదలకపోయినా వయసుతో గట్టిపడి పగులుతాయి. ఏ భాగం కిలోమీటర్లతో అరుగుతుంది, ఏది ఏళ్ళతో పాడవుతుంది అని విడదీసి చూస్తే ఈ రెండు వాదాల మధ్య గొడవ చాలావరకు తీరిపోతుంది.

ఇదంతా ఆ అంకె నిజమైతేనే. మీటరు వెనక్కి తిప్పిన కారుని పట్టించేది తేదీల వరస. 2016 బిల్లులో 62,000, 2018 బిల్లులో 81,000, 2021 బిల్లులో 58,000 ఉంటే ఇంకేం అడగక్కర్లేదు. కిలోమీటర్ల లెక్క మీటరు బోర్డులోనే కాకుండా ఇంజన్ కంప్యూటర్‌లో, గేర్‌బాక్స్ మాడ్యూల్‌లో, కొన్నిటి తాళంచెవిలో కూడా నమోదవుతుంది. ఈ46 అనే కోడ్ ఉన్న తరం నాటి బీఎండబ్ల్యూల్లో (ముందు ముందు వచ్చే ఈ90, ఈ60, ఎఫ్80 కూడా ఇలాంటి తరాల కోడ్‌లే) లైట్లని నడిపే మాడ్యూల్‌లోనూ ఆ లెక్క ఉంటుంది, మీటరు బోర్డుతో అది కలవకపోతే డిస్‌ప్లేలో చిన్న చుక్క వెలుగుతుంది. 40,000 అని రాసున్న కారులో క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, డ్రైవర్ సీటు అంచు చితికి, స్టీరింగ్ లెదర్ మెరుస్తుంటే ఆ మూడూ కలిసి వేరే అంకె చెబుతున్నట్టే.

బిల్లుల్లో ఇంకొకటి చాలామంది చూడకుండా వదిలేస్తారు. బీఎండబ్ల్యూ ఎం కార్లకి కొత్తలో దాదాపు 2,000 కిలోమీటర్లకి ఒక తప్పనిసరి సర్వీస్ ఉంటుంది, ఇంజన్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్ అప్పుడే మారుస్తారు. కొత్త భాగాలు ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు రాలిన సన్నని లోహపు పొడి ఆ ఆయిల్‌తో బయటికి పోతుంది. ఆ ఒక్క బిల్లు ఉందంటే మొదటి ఓనరు ఎలాంటివాడో సగం తెలిసినట్టే.

## చల్లటి ఇంజన్, మొదటి ముప్పై సెకన్లు

వేడెక్కిన ఇంజన్ చాలా విషయాలు దాచిపెడుతుంది. ఆయిల్ అప్పటికే పైదాకా ఎక్కి ఉంటుంది, లోహం వ్యాకోచించి సందులు పూడుకుని ఉంటాయి. రాత్రంతా ఆగిన ఇంజన్‌లో ఆయిల్ కిందికి దిగిపోతుంది, కాబట్టి స్టార్ట్ చేసిన మొదటి కొన్ని సెకన్లలో లోపలి భాగాలు ఉన్నవి ఉన్నట్టు మాట్లాడతాయి.

ఒకసారి స్నేహితుడి కోసం కారు చూడ్డానికి వెళ్ళాం. స్టార్ట్ చేయకుండా ఉంచమని ముందే చెప్పాం. వెళ్ళాక బానెట్ మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా ఉంది. "ఇప్పుడే పక్కకి తీశానండీ" అన్నాడు అమ్మే ఆయన. కావచ్చు. సరే అని మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాం. ఈసారి బానెట్ చల్లగా ఉంది. తాళం తిప్పగానే ముందు వైపు నుంచి, డబ్బాలో గొలుసు వేసి ఊపినట్టు గలగలమని మూడు నాలుగు సెకన్లు మోగి ఆగిపోయింది. తర్వాత ఇంజన్ ఎంత మెత్తగా నడిచిందంటే, ముందురోజు అలా విని ఉంటే అడ్వాన్స్ ఇచ్చేసేవాళ్ళమే. వాల్వ్‌లని పిస్టన్లతో లయ కలిపి నడిపే టైమింగ్ చైన్‌ని బిగుతుగా ఉంచే టెన్షనర్‌కి ఆయిల్ ఒత్తిడి అందేలోపు చైన్ వదులుగా కొట్టుకున్న శబ్దం అది.

పొగ రంగులు కూడా అప్పుడే తెలుస్తాయి. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది. తెల్లటి ఆవిరి చలికి మామూలే, ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకుండా తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ సిలిండర్లోకి పోతున్నట్టు. నీలి పొగ ఎప్పుడొస్తుందన్నది కూడా ముఖ్యం. వాలులో ఎక్సలేటర్ వదిలేసి దిగి, మళ్ళీ తొక్కినప్పుడు గుప్పుమంటే అనుమానం వాల్వ్ సీళ్ళ మీదికి పోతుంది. గట్టిగా లాగుతున్నంతసేపూ వస్తుంటే రింగుల మీదికో టర్బో మీదికో పోతుంది.

## ఒక్కో ఇంజన్‌కి ఒక్కో జబ్బు

మామూలు కారు కొనేటప్పుడు ఒకే చెక్‌లిస్ట్ దాదాపు అన్నిటికీ పనికొస్తుంది. ఈ కార్లతో అది కుదరదు. హద్దుల దగ్గర పనిచేసేలా తయారైన ఇంజన్లు కాబట్టి ఒక్కోదానికి ఒక్కో బలహీనత ఉంది.

సీ63లోని 6.2 లీటర్ల ఎం156 ఇంజన్‌ తొలి ఏళ్ళవాటిలో సిలిండర్ హెడ్ బోల్టులు తుప్పు పట్టి విరగడం, వాల్వ్‌లని తెరిచే క్యామ్‌షాఫ్ట్, లిఫ్టర్లు అరగడం తెలిసిన సమస్యలు. కాబట్టి కూలెంట్ మట్టం తగ్గుతోందా, బోల్టులు కొత్తరకానివి వేశారా అన్నదే ఆ కారు దగ్గర మొదటి ప్రశ్న. 2006 ప్రాంతంలో వచ్చిన బీ7 తరం ఆడి ఆర్‌ఎస్4లో పెట్రోలు నేరుగా సిలిండర్లోకి చిమ్ముతుంది, ఇన్‌టేక్ వాల్వ్‌ల మీద పెట్రోలు పడి కడిగే అవకాశం లేదు, అక్కడ మసి గట్టిగా పేరుకుని పవర్ తగ్గుతుంది. సుబారు ఎస్‌టీఐ 2.5 లీటర్ల ఇంజన్‌లో పిస్టన్ రింగుల మధ్య ఉండే సన్నని గట్లు విరగడం వినిపిస్తుంది, తరచుగా నాలుగో సిలిండర్‌లో. బీఎండబ్ల్యూ 335ఐలోని ఎన్54 ఇంజన్‌కి హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు పాడవడం, టర్బో ఒత్తిడిని అదుపుచేసే వేస్ట్‌గేట్ గలగలమనడం. వీటిలో చాలావరకు బాగుచేయదగ్గవే, బాగుచేసినట్టు బిల్లు ఉంటే ఆ జబ్బు కారుకి మైనస్ కాకుండా ప్లస్ అయిపోతుంది.

ఎక్కువ వాదన జరిగేది మాత్రం ఈ90 తరం బీఎండబ్ల్యూ ఎం3 సెడాన్ గురించి. 4.0 లీటర్ల వీ8, పేరు ఎస్65, నిమిషానికి 8,000 చుట్లు దాటి తిరుగుతుంది. పిస్టన్‌ని, ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు అయిన క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ కింది చివర రెండు అర్ధచంద్రాకారపు పల్చటి రేకులు ఉంటాయి, అవే రాడ్ బేరింగులు. క్రాంక్‌కీ వీటికీ మధ్య వెంట్రుక కంటే సన్నని ఆయిల్ పొర ఉంటుంది, ఆ పొర ఉన్నంతవరకే లోహం లోహానికి తగలకుండా ఉంటుంది. ఈ ఇంజన్‌లో ఆ బేరింగులు ముందుగానే అరిగిపోతున్నాయని చాలామంది ఓనర్లు ఫొటోలతో చూపించారు. ఐదు లీటర్ల వీ10 ఉన్న ఈ60 ఎం5దీ ఇదే కథ.

ఎందుకు అరుగుతున్నాయి? బేరింగుకీ క్రాంక్‌కీ మధ్య సందు మరీ తక్కువ, దానికి 10డబ్ల్యూ-60 లాంటి చిక్కటి ఆయిల్ తోడైంది, చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోకి ఆయిల్ సరిగా చేరదు అని ఒక వర్గం. డిజైన్ బాగానే ఉంది, ఇంజన్ వేడెక్కకముందే దంచి నడపడం, ఆయిల్ మార్చకుండా సాగదీయడం వల్లే ఇదంతా అని రెండో వర్గం. చెడిపోయిన ఇంజన్ల ఫొటోలే జనం పెడతారు, బాగున్నవాటి గురించి ఎవరూ రాయరు, అందుకే సమస్య ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తోందని మూడో వర్గం. మూడింటిలోనూ విషయం ఉంది, ఒకటి నిజమైతే మిగతావి అబద్ధం కానక్కర్లేదు.

కొనేవాళ్ళకి దీనివల్ల వచ్చిన ప్రశ్న: ముందుజాగ్రత్తగా బేరింగులు మార్చిన కారు మేలా, అసలు ఇంజన్ ముట్టుకోని కారు మేలా? తెలిసినవాడు మార్చి, తీసిన పాత బేరింగుల ఫొటోలు, బిల్లు జాగ్రత్త చేసి ఉంటే మొదటిది మనశ్శాంతి. ఎవరు చేశారో తెలియకుండా ఊరికే "మార్చాం" అంటే, ముట్టుకోని ఇంజనే నయం అనేవాళ్ళ మాట కొట్టిపారేయలేం, ఎందుకంటే బోల్టు బిగింపులో తేడా వచ్చినా అదే ఇంజన్ పోతుంది.

ఆయిల్‌ని ల్యాబ్‌కి పంపి అందులో ఏ లోహం ఎంత ఉందో చూడొచ్చు. ఇక్కడొక మెలిక ఉంది. ఎస్65 తొలి ఇంజన్ల బేరింగుల్లో సీసం, రాగి ఉండేవి, అరిగితే ఆ రెండూ రిపోర్టులో కనిపిస్తాయి. తర్వాతి వాటిలో సీసం లేని బేరింగులు వేశారు, అవి ఎంత అరిగినా రిపోర్టులో సీసం పెరగదు. కారు ఏ ఏడాదిదో చూడకుండా "సీసం తక్కువే ఉంది, భేష్" అనుకుంటే తప్పు లెక్క అవుతుంది. నిన్ననే ఆయిల్ మార్చిన కారు రిపోర్టు కూడా అందంగానే ఉంటుంది.

## ఇంజన్ విప్పకుండా లోపలికి తొంగి చూసే రెండు పరీక్షలు

కంప్రెషన్ టెస్ట్ అంటే స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలో గేజీ పెట్టి ఇంజన్ తిప్పడం, సిలిండర్ ఎంత ఒత్తిడి పుట్టిస్తుందో చూడటం. నాలుగు సిలిండర్ల టర్బో ఇంజన్‌లో 11.5, 11.7, 11.4, 9.0 బార్ వచ్చిందనుకుందాం. విడిగా చూస్తే 9.0 చెడ్డ అంకెలా అనిపించదు. ఎక్కువ వచ్చిన 11.7తో పోలిస్తే 23 శాతం తక్కువ. సిలిండర్ల మధ్య తేడా 10, 15 శాతం దాటితే మెకానిక్‌లు ఆగి ఆలోచిస్తారు. అంకెల కంటే వాటి మధ్య ఎడం ముఖ్యం.

నాలుగో సిలిండర్‌లో ఏదో ఉందని తెలిసింది, ఏం ఉందో తెలియలేదు. దానికి లీక్‌డౌన్ టెస్ట్. పిస్టన్‌ని పైకి తెచ్చి, వాల్వ్‌లు మూసి ఉన్నప్పుడు కంప్రెసర్ గాలి లోపలికి ఎక్కించి ఎంత శాతం కారిపోతుందో చూస్తారు. మిగతావి 6, 7, 6 శాతం చూపించి నాలుగోది 26 చూపిస్తే, ఇప్పుడు పని చెవులది. ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడ బుస్‌మని వినిపిస్తే గాలి రింగుల పక్క నుంచి దిగుతోంది. సైలెన్సర్ పైపులో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. గాలి లోపలికి పీల్చే వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్. రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్. ఒక్కొక్కదాని ఖర్చు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆ శబ్దం ఎక్కణ్ణుంచి వస్తుందన్నదే బేరం తేల్చేస్తుంది.

## స్కానర్ పెడితే "నో ఫాల్ట్స్" అని వచ్చింది, అయితే?

స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో ఓబీడీ స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్‌లు లేవని చూపించడం అమ్మేవాళ్ళకి మామూలైపోయింది. కోడ్‌లు చెరిపేయడం నిమిషం పని. చెరిపేస్తే మాత్రం ఒక జాడ మిగులుతుంది. కారు కంప్యూటర్ క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు, పెట్రోలు ఆవిరి వ్యవస్థ వగైరాలని నడుస్తూనే పరీక్షించుకుంటుంది, ఆ పరీక్షలు పూర్తయ్యాయా లేదా అన్నది రెడీనెస్ మానిటర్ల జాబితాలో ఉంటుంది. కోడ్‌లు చెరిపినా, బ్యాటరీ తీసినా అవన్నీ మళ్ళీ మొదటికొస్తాయి, పూర్తవడానికి రకరకాల డ్రైవింగ్ కావాలి. కోడ్‌లు సున్నా, మానిటర్లు మూడు "పూర్తి కాలేదు" అని ఉంటే ఈమధ్యే ఎవరో చెరిపారు లేదా బ్యాటరీ విప్పారు. బ్యాటరీ కొత్తదైతే అందులో తప్పేం లేదు, బిల్లు తేదీ చూస్తే తేలిపోతుంది.

ఫ్యూయల్ ట్రిమ్ అనేది ఇంకొంచెం లోతైన అంకె. లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోలు కంటే కంప్యూటర్ ఎంత ఎక్కువ, ఎంత తక్కువ పోస్తుందో శాతంలో చెబుతుంది. నిలబడి ఉన్నప్పుడు +12 శాతం, 2,500 చుట్ల దగ్గర +2 శాతం ఉందనుకోండి. ఐడిల్‌లో ఎక్కడి నుంచో లెక్కలో లేని గాలి లోపలికి వస్తోంది, ఇంజన్ ఎక్కువ గాలి పీల్చేటప్పుడు ఆ చిన్న లీకు లెక్కలోకి రాకుండా పోతోంది. పగిలిన గొట్టం కావచ్చు, చిన్న ఖర్చే. రెండు చోట్లా +12 ఉంటే కథ వేరు, పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు, గాలి కొలిచే సెన్సర్ వైపు చూడాలి.

## ట్యూన్ చేసిన కారు గురించి రెండు మాటలు

టర్బో కార్లలో ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి టర్బో ఒత్తిడి పెంచితే ఒక్క పానా తిప్పకుండానే పవర్ పెరుగుతుంది. దీన్నే ట్యూనింగ్ అంటారు, తొలి మెట్టుని స్టేజ్ 1 అంటారు.

ట్యూన్ చేసిన కారు వద్దేవద్దు అనేవాళ్ళ వాదన: కంపెనీ ఉంచిన భద్రత మార్జిన్ తినేశారు, క్లచ్, గేర్‌బాక్స్, టర్బో అంతా ఎక్కువ బరువు మోశాయి, ఎంతకాలం మోశాయో తెలియదు. సరే అనేవాళ్ళ వాదన: పేరున్న ట్యూనర్ చేసిన జాగ్రత్తైన స్టేజ్ 1 కారు, దానికి తగ్గట్టు ఆయిల్ ముందుగా మార్చి, మంచి ప్లగ్గులు వేసి చూసుకున్న ఓనరు, నిర్లక్ష్యంగా వాడిన స్టాక్ కారు, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉన్న కారు కంటే మేలు. నాకైతే ట్యూన్ చేశానని ముందే చెప్పి కాగితాలు చూపించే మనిషితో ఇబ్బంది లేదు. భయపెట్టేది అమ్మేముందు స్టాక్ ప్రోగ్రామ్ తిరిగి ఎక్కించి, ఏమీ తెలియనట్టు అమ్మే కారు. దానికి జాడలు ఉంటాయి. కొన్ని ఇంజన్ కంప్యూటర్లు ఎన్నిసార్లు రాశారో లెక్క పెట్టుకుంటాయి. ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్లలో మార్చిన ప్రోగ్రామ్ దొరికితే కంపెనీ రికార్డులో టీడీ1 అనే గుర్తు పడుతుంది. ఇంటర్‌కూలర్ పైపుల క్లాంపులు మారి ఉండటం, ఎయిర్ ఫిల్టర్ డబ్బా స్క్రూల మీద గీతలు, గేజీ తీసేసిన చోట జిగురు మరక, ఇలాంటి చిన్నవి కూడా కనిపిస్తాయి.

ఎఫ్80 ఎం3లో ఈ విషయం ఇంకా సున్నితం. ఆ ఎస్55 ఇంజన్‌లో క్రాంక్‌కీ, టైమింగ్ చైన్‌ని తిప్పే పళ్ళచక్రానికీ మధ్య తాళం లాంటి కీ ఉండదు, బోల్టు బిగింపుతో వచ్చే రాపిడి మీదే అది నిలబడుతుంది. అది జారితే టైమింగ్ తప్పుతుంది. ఎక్కువ పవర్ పెంచిన కార్లలో దీని గురించి ఎక్కువ వినిపిస్తుంది, స్టాక్ కార్లలో ఎంత అరుదు అన్నదాని మీద ఓనర్లే ఒక మాట మీద లేరు.

## "లైఫ్‌టైమ్ ఆయిల్" ఎవరి లైఫ్?

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కొన్ని కార్ల కంపెనీలు చెబుతాయి. అదే గేర్‌బాక్సుల్ని తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య లేదా ఎనిమిదేళ్ళకి మార్చమంటుంది. ఒకే గేర్‌బాక్స్ మీద రెండు మాటలు ఎందుకంటే, కార్ల కంపెనీ మొదటి ఓనరు సర్వీస్ ఖర్చు తక్కువగా కనిపించేలా లెక్క వేస్తుంది, జెడ్‌ఎఫ్ గేర్‌బాక్స్ ఎక్కువకాలం నిలవడం చూస్తుంది అన్నది చాలామంది మెకానిక్‌ల వివరణ. 1,30,000 తిరిగిన కారులో ఆయిల్ ఎప్పుడూ మార్చలేదంటే పుస్తకం ప్రకారం అది తప్పు కాదు, గేర్‌బాక్స్‌కి మాత్రం మంచిది కాదు. ఫోక్స్‌వ్యాగన్ జెట్టా జీఎల్‌ఐ లాంటి కార్లలో వచ్చే డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో, ఆయిల్‌లో మునిగి పనిచేసే తడి క్లచ్ ఉన్న ఆరు గేర్ల రకానికి ఈ గొడవ లేదు, 60,000 కిలోమీటర్లకి ఆయిల్ మార్చాలని కంపెనీయే చెబుతుంది.

ఆల్ వీల్ డ్రైవ్ కారులో గేర్‌బాక్స్ ఆరోగ్యం టైర్లలో కూడా కనిపిస్తుంది. ముందు టైర్ల గాడి లోతు 8 మిల్లీమీటర్లు, వెనక 5 అనుకుందాం. వ్యాసార్ధంలో 3 మిల్లీమీటర్ల తేడా అంటే చుట్టుకొలతలో దాదాపు 19 మిల్లీమీటర్లు. చుట్టుకొలత రెండు మీటర్లున్న టైరు కిలోమీటరుకి 500 చుట్లు తిరుగుతుంది, అంటే ప్రతి కిలోమీటరుకీ ముందు, వెనక చక్రాల మధ్య తొమ్మిది మీటర్ల పైచిలుకు తేడాని, ముందు, వెనక చక్రాలకి పవర్ పంచే సెంటర్ డిఫరెన్షియల్ మింగాలి, ఆగకుండా. సుబారు అనుమతించే చుట్టుకొలత తేడా పావు అంగుళమే, గాడి లోతులో చూస్తే సుమారు ఒక్క మిల్లీమీటరు. రెండు టైర్లే కొత్తవి వేయించి డబ్బు మిగుల్చుకున్న ఓనరు ఇలా దొరికిపోతాడు.

## బ్రేకులు, టైర్లు, బాడీ

ట్రాక్ మీద తిప్పిన కారు తప్పనిసరిగా చెడ్డదేం కాదు, ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళలో ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్ మిగతావాళ్ళ కంటే ఎక్కువ మార్చేవాళ్ళున్నారు. ఆ సంగతి ధరలో కనిపించాలి, అంతే. డిస్కుల మీద నీలి మచ్చలు, సన్నని పగుళ్ళు, టైరు భుజాలు కరిగి గరుకు దేరడం, చక్రాల లోపలి గూటిలో అంటుకున్న రబ్బరు ముక్కలు, కారుని లాగడానికి బిగించే టో హుక్ మర ఎక్కువగా వాడినట్టుండటం దాన్ని చెబుతాయి. టైరు పక్కన ఉండే కోడ్ చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ: 3519 అంటే 2019లో 35వ వారం. గాడి నిండుగా ఉన్నా రబ్బరు వయసైపోయిన టైర్లు తక్కువ తిరిగిన కార్లలోనే ఎక్కువ కనిపిస్తాయి.

పెయింట్ మందం కొలిచే గేజీకి ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 80 నుంచి 180 మైక్రాన్ల మధ్య వస్తుంది. ఎడమ డోరు 115, బానెట్ 120, కుడి డోరు 260, కుడి వెనక ఫెండర్ 900 వచ్చిందంటే డోరుకి మళ్ళీ పెయింట్ వేశారు, ఫెండర్ మీద పుట్టీ ఉంది, దెబ్బ కుడి పక్క వెనక నుంచి తగిలింది. అన్ని గేజీలూ అన్నిచోట్లా పనిచేయవని గుర్తుంచుకోవాలి. ఈ90 ఎం3 బానెట్ అల్యూమినియం, ఇనుమునే కొలిచే చవక గేజీ అక్కడ అంకె చూపించదు. ఎఫ్80 ఎం3 పైకప్పు కార్బన్ ఫైబర్, అక్కడ మామూలు గేజీ ఏదీ పనిచేయదు.

## పరీక్షలన్నీ అయ్యాక కూడా మిగిలే రిస్క్

కొనేముందు బయటి మెకానిక్ చేసే పూర్తి తనిఖీ ఎంత బాగా జరిగినా రాడ్ బేరింగ్ ఎంత అరిగిందో, ఎస్55లో క్రాంక్ దగ్గరి పళ్ళచక్రం జారడానికి సిద్ధంగా ఉందో లేదో విప్పకుండా చెప్పలేడు. అందుకే అనుభవమున్నవాళ్ళు ధరని రెండు ముక్కలుగా చూస్తారు. మన మొదటి లెక్కలో కారు 25. తనిఖీలో ఇప్పుడే చేయించాల్సినవి బయటపడ్డాయి: టైర్లు 1.5, ముందు బ్రేకులు 1.5, గేర్‌బాక్స్ ఆయిల్, కూలెంట్ గొట్టాలు కలిపి 1. మొత్తం 4. వాటిని బేరంలో తగ్గించమని అడగడానికి చేతిలో కాగితం ఉంది. కనిపించని వాటికి, అంటే బేరింగుల లాంటి పనికి, ఇంకో 2.5 కొనేవాళ్ళు తమ దగ్గర పక్కన పెట్టుకోవాలి, దాన్ని అమ్మేవాళ్ళు తగ్గించరు. కారు 21కి తెగితే, 4 పనులకి, 2.5 పక్కకి, కలిపి చేతిలో 27.5 ఉండాలి. ఇరవై ఐదే ఉన్నవాళ్ళకి ఆ కారు అందుబాటులో ఉన్నట్టు కనిపిస్తుంది కానీ లేదు, అదే డబ్బుకి ఒక మెట్టు తక్కువ పవర్ ఉన్న, బిల్లులన్నీ ఉన్న కారు దొరుకుతుంది.

ఇక తనిఖీకే ఒప్పుకోని అమ్మకందారులు ఉంటారు. కారణాలు రకరకాలుగా చెబుతారు, టైమ్ లేదంటారు, వేరేవాళ్ళు అడ్వాన్స్ ఇస్తామంటున్నారంటారు, నమ్మకం లేకపోతే వద్దంటారు. కొందరికి నిజంగానే టైమ్ ఉండకపోవచ్చు. ఆ కారు గురించి అప్పుడు కొనేవాళ్ళకి తెలిసేది మీటరు మీది అంకె, పెయింట్ మెరుపు, అంతవరకే. ఆ రెండిటికీ ఎంత ఇవ్వొచ్చో అంతే ఇవ్వాలి.